పేరు పెట్టింది పక్కింటివాళ్లు: యూరప్ ఇంటిపేర్ల సంగతి

మ్యూనిక్‌లో చదువుతున్న మీ అమ్మాయితో పాటు ఒకే ఇంట్లో అద్దెకుంటున్న నలుగురి ఇంటిపేర్లు రాశారు: కోవాచ్, హూబర్, కజ్లౌస్కైతే, ఎస్పోజితో. వీటికి అర్థాలున్నాయా, మనవాటిలాగే ఊళ్ల నుంచీ వృత్తుల నుంచీ వచ్చాయా, పేరు చూస్తే కులం లాంటిది ఏమైనా తెలుస్తుందా అని అడిగారు. నేను ఇరవై రెండేళ్లుగా, మ్యూనిక్ ఉన్న ఈ బవేరియా రాష్ట్రంలోనే జనన, వివాహ ధ్రువపత్రాల అనువాదం చేస్తున్నాను. పొద్దున లేస్తే నాకు పేర్లతోనే పని. అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

అర్థాలు ఉన్నాయండి, దాదాపు అన్నిటికీ. కానీ డిక్షనరీ తెరిచి ఆ మాట వెతికితే దొరికే అర్థం చాలాసార్లు తప్పుతుంది. మన కాటన్ దొరనే తీసుకోండి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ తాతముత్తాతలు పత్తి వ్యాపారం చేసి ఉంటారని చాలామంది అనుకుంటారు. పత్తికీ ఆ పేరుకీ ఏ సంబంధమూ లేదు. పత్తి అనే మాట అరబ్బీలో పుట్టి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంటిపేరుగా ఉన్న కాటన్ పాత ఇంగ్లీషు మాట, ‘గుడిసెల దగ్గర’ అని అర్థం. ఇంగ్లండులో ఆ పేరుతో పల్లెలు చాలానే ఉన్నాయి. అలాంటి పల్లె నుంచి వచ్చినవాళ్లు కాటన్‌లయ్యారు. అలాగే ప్రైస్ అంటే ధర కాదు. వేల్స్ భాషలో ‘అప్’ అంటే కొడుకు. అప్ రీస్, అంటే రీస్ కొడుకు, నలుగురి నోళ్లలో నలిగి ప్రైస్ అయింది. అప్ హవెల్ పావెల్ అయింది, అప్ రిచర్డ్ ప్రిచర్డ్ అయింది.

కాబట్టి ఏ పేరు కనిపించినా ముందు అడగాల్సింది అర్థం కాదు. ఏ ఊరి మాట, ఎప్పటి మాట, ఎవరు ఎవరిని అలా పిలిచారు అని అడగాలి. ఈ మూడో ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం.

మధ్యయుగాల్లో యూరప్‌లో మామూలు జనానికి ఉండేది ఒకటే పేరు, చర్చిలో బాప్తిస్మం నాడు పెట్టింది. ఆ పేర్లు కూడా పట్టుమని పది తిరిగేవి. 14వ శతాబ్దపు ఇంగ్లండు జాబితాలు చూస్తే సగానికి పైగా మగవాళ్లు జాన్, విలియం, రాబర్ట్, రిచర్డ్, థామస్ లాంటి నాలుగైదు పేర్లతోనే సరిపెట్టుకున్నారు. ఒక ఊళ్లో ఏడుగురు జాన్‌లుంటే ఏం చేస్తారు? మన ఊళ్లో ముగ్గురు సుబ్బారావులుంటే ఏం చేస్తామో అదే. చెరువుగట్టు సుబ్బారావు, కరణంగారి సుబ్బారావు, పొట్టి సుబ్బారావు. అక్కడ కొండ దగ్గర ఉన్నవాడు హిల్ అయ్యాడు, పిండిమర నడిపేవాడు మిల్లర్ అయ్యాడు, పొట్టివాడు షార్ట్ అయ్యాడు, జాన్ కొడుకు జాన్సన్ అయ్యాడు. తండ్రి పేరు, ఊరు, పని, వాలకం: యూరప్ పేర్లలో నూటికి తొంభై ఈ నాలుగు దారుల్లోనే వచ్చాయని చెప్పవచ్చు. అమరజీవి పొట్టి శ్రీరాములుగారి ఇంటిపేరు ఫ్రాన్స్‌లో పుట్టి ఉంటే పెతీ అయ్యేది, జర్మనీలో కుర్ట్స్ అయ్యేది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఈ పేర్లు ఆ మనిషి పెట్టుకున్నవి కావు, చుట్టుపక్కలవాళ్లు పెట్టినవి. గుంటూరులో ఉన్నవాణ్ణి గుంటూరు వాడని ఎవరూ అనరు. అక్కణ్ణుంచి ఇంకో ఊరు వెళ్లాకే ఆ పేరు పనికొస్తుంది. అందుకే నెదర్లాండ్స్‌లో డి ఫ్రీస్, అంటే ఉత్తరాన ఉన్న ఫ్రీస్‌లాండ్ ప్రాంతపు మనిషి, అనే పేరు మొదట ఫ్రీస్‌లాండ్ బయటే పడింది. ఐర్లండులో వాల్ష్ అంటే వేల్స్ వాడు. ఫ్రాన్స్‌లో లాంగ్లె అంటే ఇంగ్లీషువాడు. హంగేరీలో హోర్వాత్ అంటే క్రొయేషియావాడు, తోత్ అంటే స్లావ్ జాతివాడు, నేమెత్ అంటే జర్మన్. ఈ మూడూ ఈరోజుకీ హంగేరీలో బాగా ఎక్కువగా వినిపించే పేర్లు. ఒక దేశంలో ఎవరెవరు వలస వచ్చి స్థిరపడ్డారో చెప్పడానికి ఇంతకన్నా నిక్కమైన సాక్ష్యం దొరకదని నా నమ్మకం.

ఇప్పుడు కోవాచ్ సంగతికి వద్దాం. కోవాచ్ అంటే కమ్మరి. హంగేరియన్లు పొరుగున ఉన్న స్లావ్ భాషల నుంచి ఆ మాట తీసుకున్నారు. కమ్మరి పేరు యూరప్ అంతా పాకింది: ఇంగ్లండులో స్మిత్, జర్మనీలో ష్మిట్, ఫ్రాన్స్‌లో లెఫెవ్ర్, ఇటలీలో ఫెరారి, పోలండులో కొవాల్‌స్కి, రష్యాలో కుజ్నెత్సోవ్, ఉక్రెయిన్‌లో కోవాలెంకో. కార్ల కంపెనీ ఫెరారి అన్నా కమ్మరే. అన్ని చోట్లా ఇంత ఎక్కువ ఎందుకు? కమ్మరులు ఎక్కువమంది ఉండి కాదు, ఊరికి ఒక్కడే ఉండి. ఒక్కడే ఉన్నప్పుడే ‘కమ్మరి జాన్’ అంటే ఎవరో అందరికీ తెలుస్తుంది. అందరూ చేపలు పట్టే పల్లెలో ‘చేపలు పట్టే జాన్’ అంటే ఎవరని అనుకోవాలి?

కోవాచ్ అమ్మాయి విషయంలో మనవాళ్లకు నచ్చే ఇంకో ముచ్చట ఉంది. హంగేరియన్లు మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు, సొంత పేరు తర్వాత. ఫుట్‌బాల్ ఆటగాడు ఫెరెంత్స్ పుష్కాష్ వాళ్ల ఊళ్లో పుష్కాష్ ఫెరెంత్స్. (పుష్కాష్ అంటే తుపాకీవాడు.) నేనిక్కడికి వచ్చిన కొత్తలో నా నివాస అనుమతి కార్డులో ఒక కార్యాలయంవాళ్లు నా ఇంటిపేరును సొంత పేరుగానూ, సొంత పేరును ఇంటిపేరుగానూ ఎక్కించేశారు. సరిచేయించుకోవడానికి నాలుగు నెలలు తిరిగాను. అప్పుడు ఆ వరసలో నా వెనక కూర్చున్నది ఒక హంగేరీ పెద్దాయన. ఆయనదీ అదే గొడవ. మీ అమ్మాయి కాగితాల్లో ఇలాంటి తేడా ఏమైనా ఉంటే చదువు పూర్తయ్యేలోపే సరిచేయించండి. డిగ్రీ పట్టా మీదకు ఎక్కితే మళ్లీ దించడం చాలా కష్టం.

హూబర్ పక్కా బవేరియా పేరు. హూబె అంటే ఒక రైతు కుటుంబం బతకడానికి సరిపడే భూమి, ఆ రోజుల కొలత. అంత భూమి పూర్తిగా సాగుచేసుకునేవాడు హూబర్. అదే రైతును తూర్పు జర్మనీ వైపు హ్యూబ్నర్ అంటారు. ఇలా ఒకే పనికి ప్రాంతాన్ని బట్టి వేరే పేరు ఉండటం జర్మన్ ఇంటిపేర్లలో గొప్ప విశేషం. మాంసం కొట్టేవాణ్ణి దక్షిణాన మెట్స్‌గర్ అంటారు, తూర్పున ఫ్లైషర్ అంటారు, ఉత్తరాన క్నోఖన్‌హౌవర్, అంటే ‘ఎముకలు నరికేవాడు’, అనే పేరు కూడా ఉంది. కుమ్మరి దక్షిణాన హాఫ్నర్, తూర్పున ట్యోప్ఫర్, ఉత్తరాన ప్యోటర్. ఇంటిపేరు చెబితే తాతముత్తాతలు ఏ జిల్లా యాసలో మాట్లాడేవారో చెప్పేయవచ్చు. పచ్చడి పేరు వింటే గోదావరి జిల్లావాళ్లో రాయలసీమవాళ్లో మనం పట్టేసినట్టు.

ఇక్కడ బవేరియా పల్లెల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఒకటి చెప్పాలి. మనం ‘ఇంటిపేరు’ అంటాం కదా, వాళ్లకు అక్షరాలా ఇంటికే పేరుంటుంది. మా ఊరి చివర పాత రైతు ఇల్లొకటుంది. కింద రాతిగోడ, పైన నల్లబడిన చెక్క, వసారా నిండా ఎర్ర జెరేనియం పూలు. గుమ్మం పక్కన చిన్న చెక్క పలక మీద ‘కమ్మరి ఇల్లు’ అని జర్మన్‌లో చెక్కి ఉంది. ఇప్పుడు ఆ ఇంట్లో ఉంటున్నవాళ్ల అసలు పేరు మాయర్. అక్కడ కొలిమి ఆరిపోయి ఎన్ని తరాలైందో వాళ్లకే తెలియదు. అయినా ఊళ్లో పెద్దవాళ్లు ఆ ఇంటి కుర్రాణ్ణి కమ్మరి ఇంటి అబ్బాయి అనే అంటారు. అంతెందుకు, ఇక్కడి పల్లెటూళ్లలో మాటల్లో ఇంటిపేరే ముందొస్తుంది: యోసెఫ్ హూబర్ అనరు, హూబర్ సెప్ అంటారు (సెప్ అంటే యోసెఫ్‌కు ముద్దుపేరు). ఆస్ట్రియాలో కారింథియా, స్టిరియా వైపు వెళితే రైతు అసలు పేరు తర్వాత ‘వుల్గో’, అంటే ‘జనం పిలిచే పేరు’, అని రాసి పొలం పేరు కలుపుతారు. సమాధుల మీద కూడా అలాగే చెక్కుతారు.

జర్మనీ పడమటి వైపున్న వెస్ట్‌ఫాలియాలో ఇది ఇంకా ముందుకెళ్లింది. అక్కడ పొలం పేరే మనిషి పేరు. ఆ పొలానికి వారసురాలైన అమ్మాయిని చేసుకుని ఇల్లరికం వచ్చిన అల్లుడు తన పేరు వదిలేసి ఆ పొలం పేరు పెట్టుకునేవాడు. పాత చర్చి రికార్డుల్లో ‘ఫలానా, గెనాంట్ ఫలానా’ అని రెండు పేర్లూ కనిపిస్తాయి. గెనాంట్ అంటే ‘అనబడే’ అని. మొదటిసారి అలాంటి కాగితం నా చేతికి వచ్చినప్పుడు రెండు పేర్లతో ఏదో మోసం చేస్తున్నారనుకున్నాను. మన దగ్గర ఇల్లరికం వచ్చిన అల్లుడి ఇంటిపేరు మారదు కదా, దత్తత వెళితేనే మారుతుంది. నార్వేలో కూడా పొలం మారితే పేరు మారేది. అక్కడివాళ్ల వంశవృక్షం వెతికేవాళ్లు దీనితోనే ఎక్కువ తికమకపడతారు.

మరి ఈ పేర్లు ఎప్పుడు గట్టిపడ్డాయి? దేశానికో కథ. ఐర్లండు చాలా ముందు: 10వ శతాబ్దం మొదట్లోనే ఓ క్లేరీ అనే ఇంటిపేరు రికార్డుల్లో కనిపిస్తుంది. ‘ఓ’ అంటే మనవడు, ‘మాక్’ అంటే కొడుకు. వెనిస్ వర్తకులూ ముందువాళ్లే. ఇంగ్లండులో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు దండెత్తి వచ్చిన 1066 తర్వాత మొదలై, 1400 నాటికి చాలావరకు స్థిరపడ్డాయి. ఉత్తరాది ఆలస్యం. డెన్మార్క్ 1828లో చట్టం చేసేదాకా పల్లెల్లో ప్రతి తరానికీ పేరు మారేది: యెన్స్ కొడుకు యెన్సెన్, ఆ యెన్సెన్ సొంత పేరు నీల్స్ అయితే వాడి కొడుకు నీల్సెన్. చట్టం ఆ గొలుసును ఉన్నచోట ఆపేసింది. అందుకే నేటికీ డెన్మార్క్ నిండా యెన్సెన్‌లూ నీల్సెన్‌లూ హాన్సెన్‌లే. స్వీడన్‌లో 1901లో, నార్వేలో 1923లో చట్టాలొచ్చాయి. స్వీడన్ సైన్యంలో దళానికి ఎందరో ఆండర్సన్‌లు ఉండటంతో సిపాయిలకు పొట్టి పేర్లు ఇచ్చేవాళ్లు: రాస్క్ అంటే చురుకైనవాడు, మూడిగ్ అంటే ధైర్యవంతుడు, స్వార్డ్ అంటే కత్తి. ఐస్‌లాండ్ ఈరోజుకీ తండ్రి పేరుకు ‘సన్’, కూతురికైతే ‘దోత్తిర్’ కలుపుకుంటూనే ఉంది. అక్కడ కొత్త ఇంటిపేర్లు పెట్టుకోవడాన్ని 1925లో నిషేధించారు.

మీరు విన్న నెపోలియన్ కథ గురించి: నెదర్లాండ్స్ ఆయన చేతిలో ఉన్నప్పుడు 1811లో అందరూ ఇంటిపేర్లు నమోదు చేసుకోవాలని ఆజ్ఞ ఇచ్చిన మాట నిజం. పన్నులకీ సైన్యంలోకి పిలవడానికీ అది అవసరమైంది. కానీ డచ్చివాళ్లు ఆయన్ను ఆటపట్టించడానికి నక్త్‌గెబోరెన్, అంటే ‘బట్టల్లేకుండా పుట్టినవాడు’, లాంటి పిచ్చి పేర్లు రాయించుకున్నారన్నది కట్టుకథ. ఆ పేరు 1811కి ముందే ఉంది. తండ్రి పోయాక పుట్టిన బిడ్డను జర్మన్‌లో నాఖ్‌గెబోరెన్, అంటే ‘తర్వాత పుట్టినవాడు’, అంటారు. ఆ మాటే డచ్చి నాలుకపై అలా మారిందని పండితులు చెబుతారు. నవ్వు తెప్పించే పేరు వెనక ఒక్కోసారి ఇంత దిగులు ఉంటుంది. అలాగే అమెరికాకు వలస వెళ్లినవాళ్ల పేర్లను న్యూయార్క్‌లో ఎల్లిస్ ఐలాండ్ వలస కేంద్రం గుమాస్తాలు మార్చేశారన్న కథనూ నమ్మకండి. 1892లో తెరిచిన ఆ కేంద్రంలో ఓడ ఎక్కేచోట రాసిన ప్రయాణికుల పట్టీ చూసి సరిచూసుకునేవారంతే. పేర్లు మార్చుకున్నది చాలావరకు వాళ్లే, అమెరికాలో స్థిరపడ్డాక.

కులం ప్రశ్న మీరు కాస్త మొహమాటంగా అడిగారు. మొహమాటం అక్కర్లేదు, అది అడగాల్సిన ప్రశ్నే. ష్మిట్ అనే ఆయన కమ్మరి కులంవాడు కాడు, అలాంటి కులమే అక్కడ లేదు. పేరు గట్టిపడిన తర్వాత కొడుకు రొట్టెలు కాల్చినా, మనవడు బడిపంతులైనా పేరు ష్మిట్‌గానే ఉండిపోయింది. పెళ్లి సంబంధానికి ఆ పేరు అడ్డం రాదు. అలాగే జర్మనీలో కాయ్‌జర్, క్యోనిగ్ అనీ, ఫ్రాన్స్‌లో లెరువా అనీ చక్రవర్తి, రాజు అనే అర్థం వచ్చే పేర్లున్నవాళ్లు రాజవంశీకులు కారు. ఆ రాజు కొలువులో పనిచేసినవాడో, ఊరి నాటకంలో రాజు వేషం కట్టినవాడో, రాజులా మిడిసిపడినవాడో మూలపురుషుడై ఉంటాడు.

కానీ పేరు చూసి మనిషిని విడదీయడం యూరప్‌కు తెలియదని మాత్రం అనను. ‘ఫొన్’ అని ముందుంటే జమీందారీ వంశమని గుర్తుపట్టేవారు. ఆస్ట్రియా 1919లో దాన్ని చట్టం చేసి తీసేసింది. మన ఆదిలాబాద్ గోండుల మధ్య మార్లవాయిలో ఉండి పనిచేసిన మానవశాస్త్రవేత్త ఫొన్ ఫ్యూరర్-హైమెన్‌డోర్ఫ్ ఆస్ట్రియావాడే. హైమెన్‌డోర్ఫ్ న్యూరెంబర్గ్ దగ్గర ఒక పల్లె, డోర్ఫ్ అంటే మన ‘పల్లి’. ఇంకా పెద్ద గాయం యూదులది. వాళ్లలో చాలామందికి తరతరాలుగా తండ్రి పేరే గుర్తు. ఆస్ట్రియాను ఏలిన రెండో జోసెఫ్ చక్రవర్తి 1787లో, ఉత్తరాన ఉన్న జర్మన్ రాజ్యం ప్రష్యా 1812లో స్థిరమైన ఇంటిపేర్లు పెట్టుకోవాలని శాసించాయి. రోజెంతాల్, గోల్డ్‌బెర్గ్ లాంటి పేర్లు ఎక్కువగా అప్పుడు వచ్చినవే. ఆ తర్వాత 1938లో నాజీ ప్రభుత్వం, పేరు వినగానే యూదులని తెలియని వాళ్లందరూ తమ పేరుకు మగవాళ్లైతే ఇస్రాయెల్, ఆడవాళ్లైతే సారా అని చేర్చుకోవాలని ఆజ్ఞ ఇచ్చింది. ఆ రెండో పేరు ఉన్న కాగితాలు ఇప్పటికీ అనువాదానికి నా దగ్గరకు వస్తుంటాయి. వాటిని నేను ఎప్పుడూ ఒక్క ఊపున పూర్తిచేయలేదు, మధ్యలో లేచి వెళ్లాల్సి వస్తుంది.

మన చరిత్రలో మనకు తెలిసిన దొరల పేర్లు కూడా రెండు మూడు చెబుతాను, మీ ఆయనకు ఆసక్తి ఉందన్నారు కదా. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన కాంబెల్ స్కాట్లండ్ పేరు, ‘వంకర మూతి’ అని అర్థం. ఎప్పుడో ఒక పెద్దాయన మూతి వంకరగా ఉంటే ఊరివాళ్లు పెట్టిన పేరు, చివరికి గొప్ప వంశానికి గుర్తయింది. కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, సేకరించిన కాలిన్ మెకంజీ పేరుకు ‘కోయినీచ్ కొడుకు’ అని అర్థం. ఆ పేరులోని ‘జ’ ధ్వని అసలు లేనేలేదు. పాత స్కాట్ రాతలో వేరే అక్షరం ఉండేది, అచ్చుయంత్రాల్లో ఆ అక్షరం లేక దాన్ని పోలిన ఇంకో అక్షరం వేశారు, జనం ఆ అచ్చునే చదివారు. 18వ శతాబ్దంలో మద్రాసులో ఉండి తెలుగులోకి బైబిలు అనువాదం చేపట్టిన బెంజమిన్ షుల్ట్‌జె పేరుకు అర్థం మునసబు. ఊళ్లో ఎవరెంత బాకీ కట్టాలో చెప్పి వసూలు చేసే అధికారిని అలా అనేవారు.

కజ్లౌస్కైతే లిథువేనియా అమ్మాయి, ఆమెది పెళ్లికాని ఆడపిల్లలకు పెట్టే పుట్టింటి పేరు. ఇది నేను ఊహించి చెప్పడం లేదు, ఆ పేరే చెబుతోంది. వాళ్ల నాన్న కజ్లౌస్కస్, అమ్మ కజ్లౌస్కియెనె, కూతురు కజ్లౌస్కైతే. ఒకే ఇంటిపేరుకు మూడు తోకలు. ఒకసారి ఇలాంటి కుటుంబం పత్రాలు అనువదించి ఇస్తే, ఈ ముగ్గురూ ఒకే కుటుంబమని ఎలా నమ్మాలని ఇక్కడి గుమాస్తా అడిగాడు. ఒక పేజీ వివరణ రాసిచ్చాక ముద్ర వేశాడు. 2003 నుంచి పెళ్లయిందో లేదో తెలియని చిన్న రూపం కూడా పెట్టుకోవచ్చని లిథువేనియా అనుమతించింది, కొందరు ఆడవాళ్లు అది ఎంచుకుంటున్నారు. ఇక అర్థానికి వస్తే, పోలిష్ కొజ్వోఫ్‌స్కి నుంచి వచ్చింది. మేకపోతు పేరు మీద ఉన్న ఊరివాడని. మన మేకావారిని కలిస్తే వరస కలుపుకోవచ్చు.

ఎస్పోజితోను చివరికి ఉంచాను, ఎందుకంటే ఆ పేరు విషయంలో మీ అమ్మాయి కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. నేపుల్స్‌లో అనుంజియాత అని చర్చి, అనాథాశ్రమం కలిసి ఉన్న పెద్ద కట్టడం ఉంది. దాని వీధివైపు గోడలో చిన్న కిటికీ, ఆ కిటికీలో తిరిగే చెక్క పీపా. పెంచలేని తల్లి రాత్రిపూట వచ్చి బిడ్డను అందులో పడుకోబెట్టి తిప్పేది. లోపలివైపు ఉన్నవాళ్లు బిడ్డను అందుకునేవారు. ఇవతలి మనిషి ముఖం అవతలి మనిషికి కనిపించేది కాదు. తల్లిదండ్రులెవరో తెలియని ఆ పిల్లలకు ఎస్పోజితో అని రాసేవారు, ‘బయట ఉంచిన బిడ్డ’ అని. మిలాన్‌లో అలాంటి పిల్లలకు ఆస్పత్రి గుర్తు అయిన పావురం పేరు మీద కొలంబో అనీ, ఫ్లోరెన్స్‌లో ఇన్నోచెంతి, అంటే అమాయకులు, అనీ పెట్టేవారు. (కొలంబోలందరూ అలా వచ్చినవాళ్లు కారు, కొలంబస్ అసలు ఇంటిపేరూ అదే.) నేపుల్స్‌లో ఆ పీపాను 1875లో మూసేశారు.

మీరు రాసిన నాలుగు పేర్లలో ఊరూ పనీ తండ్రీ వాలకమూ ఏదీ చెప్పనిది ఇదొక్కటే. ఇవేవీ చెప్పడానికి పక్కింటివాళ్లు లేనిచోట గుమాస్తా కలం పెట్టిన పేరు. ఈరోజు నేపుల్స్ చుట్టుపక్కల ఎక్కువగా వినిపించే ఇంటిపేర్లలో అది ముందుంటుంది. డాక్టర్లు, వకీళ్లు, దుకాణందారులు ఎంతోమంది ఎస్పోజితోలు, ఎవరూ దాచుకోరు. ఆ అమ్మాయి తనంతట తాను చెబితే మీ అమ్మాయిని వినమనండి. నేపుల్స్ వెళ్లినప్పుడు అనుంజియాతకు తీసుకెళ్లమని అడగమనండి. ఆ చెక్క పీపా ఇంకా ఆ గోడలోనే ఉంది, చూడనిస్తారు.